ల్యాప్‌టాప్‌కి వైఫై ఎక్కట్లేదా? షాపుకి పరిగెత్తే ముందు ఇది చూడండి

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుంచి ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే: "అన్నా, ఫోన్‌కి వైఫై వస్తోంది, ల్యాప్‌టాప్‌కి రావట్లేదు, కార్డ్ పోయిందా?" వెబ్ ఆప్షన్లకి రేపే ఆఖరి రోజు అనగా ఇలా అయితే చేతులు కాళ్లు ఆడవు. కంగారు పడకండి. చాలాసార్లు కార్డ్ బాగానే ఉంటుంది.

ముందు ఒక పని చేయండి. అదే వైఫైకి ఫోన్ కనెక్ట్ చేసి చూడండి. ఫోన్‌లో కూడా నెట్ రాకపోతే తప్పు రూటర్‌దో, లైన్‌దో. ఫోన్‌లో వస్తేనే ల్యాప్‌టాప్ సంగతి చూద్దాం.

ఒకటి, వైఫై గుర్తే కనిపించట్లేదు. ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. తర్వాత రీస్టార్ట్ కొట్టండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. ఎందుకంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా సిస్టమ్ పాత స్థితిని దాచుకుని మళ్లీ అదే తెస్తుంది. రీస్టార్ట్‌లో డ్రైవర్ కొత్తగా లోడ్ అవుతుంది. అయినా రాకపోతే ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని ఆన్ చేయండి.

ఇంకా రాలేదా? స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్, డివైస్ మేనేజర్, నెట్‌వర్క్ అడాప్టర్స్. వైఫై పేరు పక్కన పసుపు గుర్తు ఉంటే డ్రైవర్ గొడవ. "నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దింపాలి?" అంటారు కదా. ఆండ్రాయిడ్ ఫోన్‌ని ఛార్జింగ్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్‌కి నెట్ వచ్చేస్తుంది. కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేరు కొట్టి డ్రైవర్ దింపుకోండి. ఆఖరి రోజు హడావుడిలో ఉంటే ముందు దీంతోనే ఆప్షన్లు పెట్టేయండి, రిపేరు తర్వాత చూసుకోవచ్చు.

రెండు, గుర్తు ఉంది, పక్కింటి వైఫైలు కూడా కనిపిస్తున్నాయి, మీదొక్కటే లేదు. పాత ల్యాప్‌టాప్‌లలో చాలా కార్డులు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ వాటికి కనపడదు. రేపల్లె రైల్లో ఫ్రెండ్ హాట్‌స్పాట్ అందరికీ కనిపించి మీకు మాత్రం కనపడకపోవడానికి ఇదో కారణం. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ 2.4కి మార్చమనండి.

మూడు, కనిపిస్తోంది, పాస్‌వర్డ్ సరైనదే, అయినా ఎక్కట్లేదు. ఆ నెట్‌వర్క్‌ని ఫర్గెట్ చేసి మళ్లీ కలపండి. హాట్‌స్పాట్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 అని ఉంటే డబ్ల్యూపీఏ2 చేయండి, పాత కార్డులకి కొత్తది అర్థం కాదు. చివరిగా సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్. దీంతో సేవ్ చేసిన వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, ముందే రాసిపెట్టుకోండి.

రూటర్ పక్కన కూర్చుంటేనే వస్తోందా? అయితే లోపల యాంటెన్నా వైరు ఊడి ఉండొచ్చు. సర్వీసు చేయించి తెచ్చాక ఇలా మొదలైతే అనుమానం అక్కడే.

ఇవన్నీ చేసినా డివైస్ మేనేజర్‌లో అడాప్టర్ పేరే లేకపోతే అప్పుడు షాపుకి వెళ్లండి. మదర్‌బోర్డు మార్చాలంటే వెంటనే ఒప్పుకోకండి. కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ వైఫై డాంగిల్‌తో పని జరిగిపోతుంది.

మీ హాస్టల్‌లో ఎవరికైనా ఇదే ఇబ్బంది ఉంటే ఈ వీడియో పంపండి. ఎక్కడ ఆగారో, స్క్రీన్ మీద ఏం వచ్చిందో కామెంట్‌లో రాయండి, చూసి చెప్తాను. ఉంటాను మరి.