నలభై ఐదు మీటర్ల లెక్క

నకిరేకల్ దగ్గరో జడ్చర్ల దగ్గరో హైవే మీద ఒక కారు పోతోంది. సరిగ్గా 45 మీటర్ల దూరంలో ఒక బర్రె డివైడర్ దిగి రోడ్డుకు అడ్డం వచ్చింది. కన్ను చూసి, బుద్ధికి తట్టి, కాలు బ్రేకు మీదికి చేరేసరికి మనిషికి సుమారు ఒకటిన్నర సెకన్లు పడుతుంది. కారు వేగం గంటకు 60 కిలోమీటర్లయితే ఆ ఒకటిన్నర సెకన్లలో 25 మీటర్లు పోతుంది. రోడ్డు పొడిగా ఉండి టైర్లు మంచివైతే, బ్రేకు పడ్డాక ఇంకో 20 మీటర్లలో ఆగుతుంది. బర్రె బతుకుతుంది, కారులోని వాళ్లూ బతుకుతారు. అదే కారు 80లో వస్తే ఆగదు. బర్రెను తాకే క్షణానికి ఇంకా 65 కిలోమీటర్ల వేగం మిగిలే ఉంటుంది. 100లో వస్తే బ్రేకు మీద కాలు పడేసరికే 42 మీటర్లు అయిపోతాయి. చేతిలో మిగిలేది మూడు మీటర్లు. వేగం 97 దగ్గర ఉండగానే ఢీకొంటుంది. 60కీ 80కీ మధ్య తేడా ఇరవయ్యే కదా అనిపిస్తుంది. కానీ ఆగడానికీ, 65 వేగంతో గుద్దడానికీ మధ్య ఉన్న తేడా అది. ఇప్పుడు ఆ బర్రె ఉన్నచోట పొలం నుంచి ఇంటికి వెళ్తున్న మనిషిని నిలబెట్టి చూడండి.

ఈ లెక్కతోనే మొదలుపెట్టడానికి కారణం ఉంది. అతివేగాన్ని మనం ఇప్పటికీ నడిపేవాడి సొంత వ్యవహారంగా చూస్తున్నాం. 'వాడి ప్రాణం, వాడి ఇష్టం' అంటాం, పోలీసుకు దొరికితే చలానా కట్టుకుంటాడులే అంటాం. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల రోడ్ల మీద ఈ మాట అస్సలు చెల్లదు. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేటల మీదుగా వెళ్తుంది. బెంగళూరు వైపు పోయే 44వ నంబరు రహదారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరుల మీదుగా వెళ్తుంది. రెండూ ఊళ్ల మధ్య నుంచి పోయేవే. ఊరు ఒక పక్క, పొలం ఒక పక్క. బడి అవతల, బస్టాపు ఇవతల. మనిషి రోజుకు రెండుసార్లయినా ఈ రోడ్డు దాటాల్సిందే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం మరణాలకు కారణం అతివేగమని కేంద్ర రవాణా శాఖ నివేదిక తేల్చింది. తెలంగాణలో ఆ ఏడాది ఏడున్నర వేల మంది పోయారు. వాహనాల సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణం తీసే ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తకోట మండలం పాలెం దగ్గర జరిగింది ఈ ప్రాంతం మరిచిపోలేనిది. బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు వోల్వో బస్సు ముందున్న వాహనాన్ని దాటబోయి కల్వర్టు గోడను గుద్దింది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు లేచాయి. 45 మంది కాలిపోయారు. వాళ్లలో ఒక్కరూ వేగం కోరుకోలేదు. టికెట్ కొని, దుప్పటి కప్పుకొని నిద్రపోయారు. కల్వర్టు దగ్గర రోడ్డు ఇరుకైన తీరు గురించి, బస్సు తయారీ గురించి తర్వాత చాలా ప్రశ్నలు వచ్చాయి, రావలసినవే. అయితే గోడ ఎంత చెడ్డదైనా, దాన్ని తగిలే బస్సు ఎంత వేగంతో తగిలిందన్న దాన్నిబట్టే లోపలివాళ్ల గతి ఉంటుంది. వేగం రెట్టింపైతే ఢీకొన్నప్పటి శక్తి నాలుగింతలవుతుంది. అది ఎక్కడో ఒకచోటికి పోవాలి. రేకులోకి, ట్యాంకులోకి, మనిషి ఎముకల్లోకి పోతుంది.

'నాకు చెయ్యి తిరిగింది, ఇరవై ఏళ్లుగా నడుపుతున్నా' అన్నది ఎక్కువగా వినిపించే జవాబు. మాజీ ఎంపీ, నటుడు నందమూరి హరికృష్ణ కంటే చెయ్యి తిరిగినవాళ్లు ఎందరుంటారు? తెలుగుదేశం పార్టీ పెట్టిన రోజుల్లో తండ్రి ఎన్టీఆర్ ఎక్కిన చైతన్యరథాన్ని రాష్ట్రమంతా నడిపింది ఆయనే. 2018 ఆగస్టు 29 ఉదయం నెల్లూరు జిల్లాకు పెళ్లికి వెళ్తూ, నల్లగొండ దగ్గర అన్నెపర్తి వద్ద ఆయన స్వయంగా నడుపుతున్న కారు డివైడర్‌ను ఢీకొట్టి అవతలి పక్కకు ఎగిరిపడింది. కారు అతివేగంగా ఉందనీ, ఆయన సీటు బెల్టు పెట్టుకోలేదనీ పోలీసులు చెప్పారు. నార్కట్‌పల్లి ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ కుటుంబాన్ని నొప్పించాలని ఈ మాట ఎత్తడం లేదు. నైపుణ్యానికి ఒక హద్దు ఉందని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఈ జిల్లాలో లేదు. చూసినదానికి స్పందించే ఆ ఒకటిన్నర సెకన్లను అనుభవం కొంచెం తగ్గించగలదేమో, బ్రేకు పడ్డాక బండి జారే దూరాన్ని మాత్రం ఎంత గొప్ప డ్రైవరూ తగ్గించలేడు.

'తప్పు వేగానిది కాదు, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లది' అనేది ఇంకో వాదన. ఇందులో నిజం ఉంది. 2014 డిసెంబర్ 6న హరికృష్ణ పెద్దకొడుకు జానకిరామ్ అప్పటి నల్లగొండ జిల్లా మునగాల మండలం ఆకుపాముల దగ్గర చనిపోయింది ట్రాక్టర్‌ను ఢీకొనే. వడ్ల కాలంలో ఈ రోడ్లు చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. వెనక లైటు లేని ట్రాలీ, దాని నిండా ధాన్యం బస్తాలు, యూటర్న్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉందని ఎదురు వచ్చేవాళ్లు. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చడం. ఇవన్నీ తప్పులే, కేసులు పెట్టాల్సినవే. దాటడానికి వంతెన కట్టకుండా ఊరి నడుమ నుంచి నాలుగు లేన్ల రోడ్డు వేసినవాళ్లకూ ఇందులో వాటా ఉంది. కానీ ఈ వాదన చివరికి ఎటు తీసుకెళ్తుంది? రోడ్డు మీద తప్పులు జరుగుతాయని ముందే తెలిసినప్పుడు నెమ్మదిగా పోవాలా, వేగంగా పోవాలా? ఎదుటివాడి తప్పును సరిదిద్దుకునే వ్యవధి ఇచ్చేది వేగం తగ్గించడమొక్కటే. ట్రాక్టర్ లైట్లు బిగించే దాకా ఆగుతానని బ్రేకు చెప్పదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్ల మీద గరిష్ఠ వేగం కార్లకు 100, బస్సులకు 90, బైకులకూ సరుకు లారీలకూ 80 అని కేంద్రం 2018లో నిర్ణయించింది. మామూలు రోడ్ల మీద కార్లకు 70, బైకులకు 60. ఊరు, మలుపు, వంతెన ఉన్నచోట ప్రభుత్వాలు ఇంకా తగ్గించవచ్చు. పరిమితి దాటితే మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్. కారుకు వెయ్యి నుంచి రెండు వేలు, పెద్ద బండికి రెండు నుంచి నాలుగు వేల జరిమానా, మళ్లీ దొరికితే లైసెన్సు స్వాధీనం. ప్రమాదకరంగా నడిపితే 184వ సెక్షన్ కింద మొదటిసారికే ఏడాది దాకా జైలు ఉండొచ్చు. మనిషి చనిపోతే చలానా పుస్తకం పక్కకు పోతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల వరకు జైలు. పాత ఐపీసీలో ఇది రెండేళ్లే. జనం ఉంటారని తెలిసీ తెగించి నడిపితే అంతకంటే పెద్ద నేరమే మోపవచ్చు. ముంబయిలో 2006లో ఫుట్‌పాత్ మీద పడుకున్న ఏడుగురు కూలీల ప్రాణాలు తీసిన కారు కేసులో, దాన్ని నిర్లక్ష్యంగా కాక శిక్షార్హమైన నరహత్యగానే 2012లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది.

జైలు కంటే ఇంటిని ఎక్కువగా కుంగదీసేది ఒకటుంది, దాని గురించి మన దగ్గర చాలామందికి తెలియదు. ఎవరు ఎలా పోయినా ఇన్సూరెన్సు వస్తుందిలే అనుకుంటాం. అన్నిసార్లూ రాదు. కర్ణాటకలో అతివేగంగా, నిర్లక్ష్యంగా కారు నడిపి, బండి బోల్తా పడి చనిపోయిన వ్యక్తి భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు పరిహారం అడిగితే, 2025 జూలైలో సుప్రీంకోర్టు నిరాకరించింది. ఇంకెవరి తప్పూ లేకుండా తన సొంత తప్పిదంతోనే పోయినవాడి వారసులకు బీమా కంపెనీ నష్టపరిహారం ఇవ్వక్కర్లేదన్న కింది కోర్టుల మాటనే నిలబెట్టింది. పాలసీలో ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా విడిగా తీసుకుని ఉంటే ఆ 15 లక్షలే దిక్కు. సంపాదించేవాడు పోయాడు, పరిహారమూ పోయింది, కారు అప్పు కిస్తీ మాత్రం నెలనెలా వస్తుంది. ఇంటర్ చదివే పిల్లాడికి స్పోర్ట్స్ బైకు తాళం ఇచ్చే తల్లిదండ్రులు మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్‌ను కూడా చదవాలి. మైనరు నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా బండి ఓనరుకు మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. పిల్లల మీద ప్రేమతోనే బండి కొంటారు, అందులో సందేహం లేదు. ఆ ప్రేమ కోసమే రెండేళ్లు ఆగవచ్చు.

'స్పీడ్‌గన్లు పెట్టేది డబ్బు వసూళ్లకే, చెట్టు చాటున దాక్కుని ఫొటో తీస్తారు' అనే కోపం జనంలో బలంగా ఉంది. దాన్ని తీసిపారేయకూడదు. కెమెరా నిఘా ఉన్నచోట ముందే కనిపించేలా బోర్డు పెట్టాలనీ, నోటీసు 15 రోజుల్లో పంపాలనీ 2021లో వచ్చిన మోటారు వాహనాల 167ఏ నిబంధనే చెబుతోంది. దాన్ని పోలీసులు పాటించకపోతే అడిగే హక్కు మనకుంది. ఆ కోపం నుంచి వేగ పరిమితే తప్పు అన్న నిర్ణయానికి రావడం మాత్రం కుదరదు. నిజమైన లోపం ఇంకోచోట ఉంది. పెండింగ్ చలానాల మీద రాష్ట్రంలో 2022లో బైకులకు 75 శాతం, 2023 చివర్లో 80 శాతం రాయితీ ఇచ్చారు. సేల్‌లా తగ్గింపు ఇచ్చే శిక్షకు ఎవరు భయపడతారు? ఆగితే తగ్గుతుందని ప్రభుత్వమే నేర్పింది. కట్టినవాడు పిచ్చివాడయ్యాడు. శిక్ష చిన్నదైనా ఫరవాలేదు, తప్పకుండా పడాలి, వెంటనే పడాలి. రెండు కెమెరాల మధ్య దూరాన్ని పట్టిన సమయంతో భాగించి సగటు వేగం లెక్కగట్టే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. అందులో గన్ను చూసి బ్రేకు వేసే ఆట సాగదు, దాక్కునే పనీ ఉండదు. సంక్రాంతి రద్దీకి ముందు చౌటుప్పల్-సూర్యాపేట మధ్య దీన్ని పెట్టి చూడవచ్చు.

ఇక తొందర మాట. నల్లగొండ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. దారంతా 100లో పోతే గంట, దారంతా 120లో పోతే యాభై నిమిషాలు. ఆ పది నిమిషాలూ కాగితం మీదే. మధ్యలో టోల్‌గేటు, చౌటుప్పల్ రద్దీ, ఎల్బీనగర్ ట్రాఫిక్ వాటిలో చాలావరకు మింగేస్తాయి. ఆసుపత్రికి పోవాల్సిన అత్యవసరమైతే 108కు ఫోన్ చేయాలి. దారి ఇవ్వాల్సిన బండి అది, ఆదుర్దాలో ఉన్న బంధువు నడిపే కారు కాదు. మిగిలిన తొందరలన్నీ పది నిమిషాలు ముందు బయలుదేరితే తీరేవే. రెండోసారి పట్టుబడినవాడి లైసెన్సు తీసుకోమని 183వ సెక్షన్ ఇప్పటికే చెబుతోంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కిందటి ఏడాది అలా ఎన్ని లైసెన్సులు తీసుకున్నారో రవాణా శాఖ ప్రతి జనవరిలో ఊరూరా తెలిసేలా ప్రకటించాలి. ఆ అంకె సున్నా అయితే, దానికి కారణం కలెక్టర్ దగ్గర జరిగే రోడ్డు భద్రతా కమిటీ సమావేశంలో చెప్పాలి.