చివరి దశ నొప్పికి గంజాయి: విశ్వాసి ఏమి తెలుసుకోవాలి?

మంచం పట్టిన క్యాన్సర్ రోగుల ఇళ్లకు ప్రార్థనకు వెళ్లే సేవకులకు ఈమధ్య ఒక ప్రశ్న ఎదురవుతోంది. "అయ్యగారూ, గంజాయి నూనె వాడితే నొప్పి తగ్గుతాదంట, మనం వాడొచ్చా?" ఫోనులో వచ్చిన ఏదో వీడియో చూసి అడిగే ప్రశ్నే అయినా, దాని వెనుక రాత్రంతా మూలుగుతున్న ఒక తండ్రో తల్లో ఉంటారు. కనుక ఆ ప్రశ్నను కసిరి పక్కన పెట్టకూడదు. చట్టం, వైద్యం, వాక్యం ఈ మూడింటి వెలుగులో దానిని పరిశీలిద్దాం.

ఈ చర్చ ఎక్కడ మొదలైంది?

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. 2022 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది. మరణానికి దగ్గరైన రోగులు ఆసుపత్రిలో ఉండగానే గంజాయిని మందుగా వాడుకోవచ్చన్నది దాని సారాంశం. పొగ పీల్చడానికి మాత్రం అనుమతి లేదు. దానిని 'రయన్ చట్టం' అంటారు. రయన్ బార్టెల్ అనే యువకుడు క్లోమగ్రంథి క్యాన్సర్‌తో 2018లో మరణించాడు. బలమైన నొప్పి మందుల మత్తులో కళ్లు తెరవలేని స్థితిలో ఉన్న కుమారుణ్ణి, గంజాయికి అనుమతి ఉన్న మరో ఆసుపత్రికి మార్చాక, అతడు మేలుకొని తనవారితో మాట్లాడగలిగాడని తండ్రి సాక్ష్యం. ఆ చట్టం కోసం పాటుపడినవాడు ఆ తండ్రే.

వైద్యం ఏమంటుంది?

గంజాయిలోని కొన్ని పదార్థాలు మందులుగా పనికివస్తాయన్నది నిజమే. కీమోథెరపీ వల్ల కలిగే వాంతులకు అలాంటి మందులను అమెరికా ప్రభుత్వం 1985లోనే ఆమోదించింది. పిల్లల్లో వచ్చే కొన్ని తీవ్రమైన మూర్ఛ వ్యాధులకు మరొక మందును 2018లో అనుమతించింది. అయితే క్యాన్సర్ నొప్పి విషయంలో ఫలితాలు అంత గట్టిగా లేవు. గంజాయి క్యాన్సర్‌ను నయం చేస్తుందని వీడియోలలో చెప్పే మాటకు మనుషులపై జరిగిన పరీక్షల్లో ఆధారం లేదు. ఆ మాట నమ్మి అసలు చికిత్స మానినవారు రెండు విధాల నష్టపోతారు.

మన దేశ చట్టం ఏమంటుంది?

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి దగ్గర ఉంచుకోవడమే నేరం. కిలో లోపు దొరికినా ఏడాది వరకు జైలు పడవచ్చు. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాదు. ఆకు నుండి తీసి 'విజయ' పేరుతో తయారు చేసే ఆయుర్వేద మందులు కొన్ని లైసెన్సుతో, వైద్యుని చీటీ మీద దొరుకుతున్నాయి. అవి వేరు, సందులో దొరికే సీసా వేరు. ఆ సీసాలో ఏముందో, ఎంతుందో చెప్పేవారు ఉండరు. విశాఖ మన్యం నుండి దిగే గంజాయి మన యువకుల జీవితాలను ఏమి చేస్తున్నదో ప్రతి సంఘానికీ తెలుసు. అనారోగ్యం పేరుతో ఆ వ్యాపారానికి మన డబ్బు చేరకూడదు.

మనకు అందుబాటులో ఉన్న మందు

మనం అడగవలసిన అసలు ప్రశ్న వేరే ఉంది. క్యాన్సర్ నొప్పికి లోకమంతటా వైద్యులు మొదట నమ్ముకునే బలమైన మందు మార్ఫిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే దానిని నొప్పి చికిత్సలో పై మెట్టున ఉంచింది. మార్ఫిన్‌కు మూలమైన నల్లమందును ప్రభుత్వ అనుమతితో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో రైతులు పండిస్తున్నారు. మన దేశంలో పండే పంట నుండి వచ్చే మందు మన రోగులకే అందకపోవడం విచారకరం. 1985 చట్టం తెచ్చిన లైసెన్సుల భయంతో అనేక ఆసుపత్రులు దానిని ఉంచడమే మానేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు మార్ఫిన్ వంటి మందులను సులభంగా ఉంచుకునేలా చేశారు. చట్టం మారినా భయం ఇంకా పోలేదు.

భయం ఇళ్లలోనూ ఉంది. మార్ఫిన్ ఇస్తే ఇక ఆశ లేదనీ, వ్యసనం అవుతుందనీ, త్వరగా చనిపోతారనీ అనుకుంటారు. వైద్యుని పర్యవేక్షణలో, నొప్పికి తగిన మోతాదులో వాడితే అది ఆయుష్షును తగ్గించదు. నొప్పి కోసం వాడేవారిలో వ్యసనం అరుదు. మామూలు మాత్రలైతే సాధారణంగా నాలుగు గంటలకొకటి, నొప్పి వచ్చేదాకా ఆగకుండా వేళకు వేయాలి. మలబద్ధకం చేస్తుంది గనుక దానికీ మందు తోడుగా ఇస్తారు.

ఇలాంటి సేవను పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన వైద్యం అంటారు. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించి దీనికి రూపమిచ్చిన సిసిలీ సాండర్స్ ఒక క్రైస్తవ విశ్వాసి. రోగి నొప్పి దేహానిది మాత్రమే కాదని, మనసు, కుటుంబం, ఆత్మ అన్నీ అందులో ఉన్నాయని ఆమె బోధించారు. వేలూరు సి.ఎం.సి.లోను, హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోను ఈ విభాగాలు ఉన్నాయి.

వాక్యం ఏమి నేర్పుతుంది?

నొప్పిని ఓర్చుకోవడమే విశ్వాసమని, మందు అడగడం అవిశ్వాసమని కొందరు బోధిస్తారు. సిలువ మీద ప్రభువు బోళము కలిపిన ద్రాక్షారసాన్ని పుచ్చుకోలేదు కదా (మార్కు 15:23) అంటారు. ఆయన మన పాపభారాన్ని పూర్తి మెలకువతో మోయడానికి వచ్చాడు. ఆ పని మన రోగులకు అప్పగించబడలేదు. నశించుచున్నవానికి బాధ మరచేందుకు పానీయమివ్వమని సామెతలు 31:6 సూచిస్తుంది. మంచి సమరయుడు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టాడు (లూకా 10:34). అతడు ముందు గాయం చూశాడు. సుఖం కోసం మత్తు వెదకడం వేరు, బాధ తగ్గించేందుకు వైద్యుడిచ్చిన మందు పుచ్చుకోవడం వేరు. మొదటిదాన్ని వాక్యం ఖండిస్తుంది, రెండవదాన్ని ఖండించదు.

సంఘం చేయవలసినది

మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సంఘాలవారు వైద్యానికి కడప, కర్నూలు, తిరుపతి, వేలూరు తిరుగుతూనే ఉన్నారు. 'ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి' అన్న మాట విని వెనుదిరిగేముందు ఒక మాట అడగమని వారికి నేర్పుదాం: "డాక్టరుగారూ, నొప్పికి మార్ఫిన్ ఎక్కడ దొరుకుతుంది? పాలియేటివ్ విభాగం ఉందా?" మందు అయిపోకముందే తెచ్చుకోవాలి, చీటీ దగ్గర ఉంచుకోవాలి. ఆ ప్రయాణ ఖర్చు కానుకల పెట్టెలో నుండి ఇవ్వవచ్చు. స్త్రీల సమాజం, యౌవనస్థులు వంతులవారీగా రోగి దగ్గర కూర్చుంటే, రాత్రుళ్లు నిద్రలేని ఇల్లాలికి కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

జమ్మలమడుగులో లండన్ మిషన్‌వారు నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి వంటి సేవల ద్వారానే సువార్త ఈ నేలలో వేరూనింది. నాటి మిషనరీలు ఒక చేత వాక్యం, ఒక చేత మందు పట్టుకొని వచ్చారు. చివరి శ్వాసలో ఉన్న సహోదరుని ఇంటికి మనం వెళ్లేటప్పుడు ఆ రెండవ చేయి ఖాళీగా ఉండనివ్వవద్దు.