అడవి బాటపై ముగ్గురు బాటసారులు

అడవి అందరిదీ అనుట సులభము. కాని అడవిలోని బాట అనేకచోట్ల రెండు మూడడుగుల వెడల్పే. దానిపై కాలినడకవారు, గుఱ్ఱపు రౌతులు, సైకిలువారు ఒకేవేళ ఎదురుపడినచో తగవు ఎట్లు పుట్టునో, దానిని చల్లార్చుటకు నేటి సామాజిక మాధ్యమములు ఎంతవరకు పనికివచ్చునో ఈ ప్రసంగములో విచారింతము.

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున టమాల్‌పాయిస్ అను కొండ ఉన్నది. 1970 దశకములో ఆ ప్రాంతపు యువకులు కొందరు లావుపాటి టైర్లుగల పాత సైకిళ్ళను కొండలపైకి చేర్చి, మట్టిబాటల వెంట దిగువకు పరుగెత్తించిరి. 1976లో మొదలైన వారి పందెమునకు 'రీప్యాక్' అని పేరు. దిగునప్పటికి బ్రేకు వేడెక్కి అందలి గ్రీజు కాలిపోయెడిది. ప్రతి పరుగు తరువాత మరల గ్రీజు కూరవలసి వచ్చెడిది. పేరునకు కారణ మదియే. పర్వత సైకిలునకు పుట్టినిల్లని పేరుపొందిన ఆ ప్రాంతమే సైకిలువారికిని ఇతరులకును తగవు ముదిరిన చోటు కూడ. నిర్వాహకులు ఇరుకుబాటలను చాలవరకు సైకిళ్ళకు మూసివేసిరి; వెడల్పుబాటలపై గంటకు 15 మైళ్ళు, ఇతరులను దాటునప్పుడు 5 మైళ్ళు మించరాదని నియమించిరి.

తగవు స్వభావమును 1980లో జేకబ్, ష్రేయర్ అను పరిశోధకులు వివరించిరి. ఒకడు అడవికి వచ్చిన ఉద్దేశమునకు మరియొకని నడవడి అడ్డుతగులుటయే సంఘర్షణమని వారి మతము. దెబ్బ తగులనక్కరలేదు. నిశ్శబ్దము కోరి వచ్చినవాని ప్రక్కగా ఒక చక్రము దూసుకుపోయిన చాలును. పైగా ఈ బాధ తరచు ఏకపక్షము. నడచువాడు నొచ్చుకొనును, సైకిలువానికి ఆ సంగతియే తెలియదు. గుఱ్ఱము విషయము మరింత సున్నితము. అది క్రూరమృగములకు వెఱచు జంతువు. వెనుకనుండి చప్పుడులేక వచ్చినది ఏదైనను బెదరును. దూరమునుండియే మాట వినిపించినచో, వచ్చునది మనిషియని గుర్తించి నెమ్మదించును. రౌతు క్షేమము ఒక్క పలకరింపుపై ఆధారపడి ఉండవచ్చును.

తెలియకపోవుట తగవునకు మూలమైనచోట తెలియజేయు సాధనమునకు పని ఉన్నది. యూటా రాష్ట్రములో సాల్ట్‌లేక్ నగరపు చేరువనున్న మిల్‌క్రీక్ కనుమను చూడుడు. అచ్చట ఎగువబాటలపై సైకిళ్ళకు సరిసంఖ్య తేదీలలోనే అనుమతి. గొలుసు లేకుండ కుక్కలను తిప్పుటకు బేసి తేదీలు. ఈ నియమమును కొండ మొదట పలకపై చదివినవాడు అప్పటికే ఇల్లు విడిచి వచ్చినవాడు. నిరాశతో గాని, మొండితనముతో గాని వ్యవహరించును. ముందునాటి సాయంకాలమే ఫోనులో చదివినవాడు తేదీ మార్చుకొనును. బాట బురదయైనదనియు, చెట్టు కూలినదనియు, రేపు రౌతుల సవారీ ఉన్నదనియు తెలుపుటకు ఇంతకంటె శీఘ్రమైన మార్గము లేదు. బాట మరమ్మతుకు మూడు పక్షములవారిని ఒకేదినమున పిలుచుటకును ఇదియే అనువు. కలసి పార పట్టినవారు మరునాడు ఎదురుపడినప్పుడు అపరిచితులు కారు.

అయితే ఈ మాధ్యమములకు రెండవ ముఖము కలదు. కోపముతో తీసిన చిత్రమొకటి అడవిని చూడనివారిని సైతము పక్షములుగా చీల్చును. ఒకడు తన ఫోనులో నమోదుచేసి ప్రకటించిన దొంగబాటను వందలమంది అనుసరింతురు. కావున మాకు తోచిన పద్ధతి ఇది: చర్చాబృందమును మూడు పక్షముల ప్రతినిధులును కలసి నడపవలెను, అటవీ సిబ్బంది అందు సమాధానము లీయవలెను, ఫిర్యాదులో చోటు, వేళ ఉండవలెనేగాని ముఖములు, పేర్లు ఉండరాదు. ఫోను లేనివారికొరకును, సంకేతము అందని లోయలకొరకును పలకలు నిలిచియే ఉండవలెను.

అమెరికా బాటల మొదట పసుపుపచ్చని త్రికోణపు పలక తరచు కనబడును. సైకిలువాడు ఇరువురికిని దారి ఈయవలెను. నడచువాడు గుఱ్ఱమునకు ఈయవలెనని దాని భావము. ఫోనులో ఎంత చదివినను, ఎదురుపడిన క్షణమున పాటింపవలసినది ఆ మర్యాదయే.