విద్యార్థుల క్షేత్ర పర్యటనలో డిజిటల్ పరిజ్ఞానం: బిచ్కుంద సోయా చేలకు అనువైన పద్ధతి

కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు చేరువగా ఉన్న బిచ్కుంద ప్రాంతంలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. వానాకాలంలో ఇక్కడి ముఖ్య పంటల్లో సోయాచిక్కుడు ఒకటి. ముసురు పట్టి నాలుగు రోజులు వానలు కురిసిన తరువాత సోయా పైరు అక్కడక్కడా పసుపు రంగుకు తిరగడం రైతులకు తెలిసిన విషయమే. దానికి కారణమేమిటో చేను గట్టున నిలబడి చెప్పగలగడమే వ్యవసాయ విద్యార్థికి అసలైన పరీక్ష. ఈ పరీక్షలో జవాబు తప్పితే నష్టపోయేది విద్యార్థి కాదు, రైతు.

భారత వ్యవసాయ పరిశోధన మండలి 2015లో ప్రారంభించిన ‘స్టూడెంట్ రెడీ’ కార్యక్రమం వ్యవసాయ పట్టభద్రులకు క్షేత్రానుభవాన్ని తప్పనిసరి చేసింది. నేడు గ్రామానికి వెళ్లే ప్రతి విద్యార్థి చేతిలోనూ స్మార్ట్‌ఫోన్ ఉంటుంది. దానిని వాడాలా, వద్దా అన్నది ఇప్పుడు ప్రశ్న కాదు. ఏ దశలో, ఏ పనికి వాడాలన్నదే ప్రశ్న.

పర్యటనకు ముందు

ఇస్రో 2009లో అందుబాటులోకి తెచ్చిన ‘భువన్’ పటాల ద్వారా చెరువులు, వాగులు, మంజీర నది, సాగు భూముల అమరికను తరగతి గదిలోనే పరిశీలించవచ్చు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల్లో ఒక్కో చుక్క 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు గల నేలకు సమానం. అంటే ఎకరం చేను సుమారు 40 చుక్కలుగా కనిపిస్తుంది. పైరు పలుచబడిన భాగాన్ని గుర్తించడానికి ఇది చాలు, కారణం చెప్పడానికి చాలదు. పైగా వానాకాలంలో మేఘాలు కమ్మి ఈ చిత్రాలు తరచుగా అక్కరకు రావు. అందువల్ల పటం చూసి విద్యార్థులు సిద్ధం చేసుకోవలసింది జవాబులను కాదు, చేలో అడగవలసిన ప్రశ్నలను. ‘ఈ మూల పల్లమా? ఇక్కడ నీరు నిలుస్తుందా?’ అన్నవి అటువంటివి. పర్యటన తేదీని ‘మేఘదూత్’ యాప్‌లోని వాతావరణ సూచనలను బట్టి నిర్ణయించుకోవడం మేలు.

చేలో

ఈ దశలో పాటించవలసిన నియమం ఒక్కటే: తెగుళ్లను గుర్తించే యాప్‌ను తెరవడానికి ముందే విద్యార్థి తన నిర్ధారణను, దానికి ఆధారాన్ని రాసి ఉంచాలి.

లేతాకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపు రంగుకు మారితే ఇనుప ధాతు లోపాన్ని అనుమానించాలి. సున్నం అధికంగా ఉన్న నల్లరేగడిలో ఇది సాధారణం. ముదురాకులు ముందుగా పాలిపోతే నత్రజని లోపం కావచ్చు. ఆకుపచ్చ, పసుపు మచ్చలు కలగలిసి, ఆకు అడుగున తెల్లదోమ కనిపిస్తే పల్లాకు తెగులుగా భావించాలి. పల్లంలోని మొక్కలన్నీ ఒకే తీరుగా పాలిపోతే నీటి ముంపు కారణం కావచ్చు. అప్పుడు మొక్కను వేళ్లతో సహా పెకలించి, వేరు బుడిపెను కోసి చూడాలి. లోపల గులాబీ రంగు ఉంటే నత్రజని స్థిరీకరణ జరుగుతున్నట్లు. బూడిద లేదా నలుపు రంగులో ఉంటే అది ఆగిపోయినట్లు. ఆకు ఫొటో ఎంత స్పష్టంగా ఉన్నా బుడిపె లోపలి రంగును చూపదు.

ఆ తరువాతే ‘ప్లాంటిక్స్’ వంటి యాప్ ఇచ్చే సమాధానంతో తమ నిర్ధారణను పోల్చుకోవాలి. రెండూ ఏకీభవించని చోటనే చర్చ మొదలవుతుంది. విద్యార్థి అత్యధికంగా నేర్చుకునేదీ అక్కడే.

వివరాల నమోదుకు సిగ్నల్ లేనిచోట కూడా పనిచేసే ‘ఓడీకే’, ‘కోబో’ వంటి సాధనాలు అనువైనవి. ఫొటోలో కొలత తెలిసేలా ఆకు పక్కన స్కేలు ఉంచాలి. మొబైల్ ఫోన్ చూపే స్థానంలో ఆరుబయట కూడా సుమారు 5 మీటర్ల తేడా ఉండవచ్చు. గట్టు మీద నిలబడి నమోదు చేస్తే ఆ గుర్తు పక్క రైతు చేలో పడుతుంది. కాబట్టి చేను నడుమకు వెళ్లి నమోదు చేయాలి.

రైతు మాటకు ప్రత్యేక స్థానం ఇవ్వాలి. సరిహద్దు గ్రామాల తెలుగులో మరాఠీ, కన్నడ పదాలు కలుస్తాయి. తెగులుకు, కలుపు మొక్కకు రైతు వాడే పేరును ఆయన అనుమతితో ఆయన గొంతులోనే రికార్డు చేస్తే, అర్థం చేసుకోవడంలో పొరపాట్లు తగ్గుతాయి. వ్యక్తిగత వివరాలు సేకరించే ముందు సమ్మతి తీసుకోవడం మర్యాద మాత్రమే కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టానికి మూలసూత్రం కూడా.

తిరిగి వచ్చాక

సేకరించిన గుర్తులను పటంపై పరిచి చూస్తే, విడివిడిగా కనిపించని విషయం బయటపడుతుంది. పసుపు చేలు వాగు వెంబడి వరుసగా ఉంటే మురుగునీటి పారుదల సమస్యను, ఎత్తుపల్లాలతో సంబంధం లేకుండా చెదురుమదురుగా ఉంటే తెగులును ముందుగా పరిశీలించాలి. నేల పరీక్ష ఫలితాలు చేరేవరకు ఈ నిర్ధారణలన్నీ తాత్కాలికమైనవేనని విద్యార్థులకు స్పష్టం చేయాలి.

రైతుకు చేరవలసినది

ఇనుప ధాతు లోపాన్ని పల్లాకు తెగులుగా పొరబడితే రైతు తెల్లదోమ మందు కొంటాడు. ఖర్చు పెరుగుతుంది, మిత్ర పురుగులు నశిస్తాయి, పసుపు మాత్రం తగ్గదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే సరిపోయే చోట వేల రూపాయలు వృథా అవుతాయి. నీటి ముంపు వల్ల పాలిపోయిన చేలో మురుగు కాలువ తీయకుండా ఏది పిచికారీ చేసినా ఫలితం అంతంతమాత్రమే.

అందువల్ల పర్యటన నివేదిక విశ్వవిద్యాలయానికి చేరడంతో పని పూర్తయినట్లు కాదు. ప్రతి రైతుకూ తన చేను పటం, గుర్తించిన సమస్య, చేయవలసిన పని ఒకే పుటలో, తెలుగులో, అదే వారంలో అందాలి. చదవలేని రైతుకు అదే విషయాన్ని ఫోన్‌లో మాటగా పంపాలి. మదింపులో ఈ పనికి కూడా మార్కులు కేటాయిస్తే విద్యార్థులు దీనిని విస్మరించరు. చేను నుంచి తీసుకున్న సమాచారం మళ్లీ ఆ చేనుకే చేరినప్పుడు డిజిటల్ పరిజ్ఞానం విద్యతోపాటు విస్తరణకూ సాధనమవుతుంది.