డిగ్రీ దరఖాస్తులో పొరపాటు: సవరణ ఎక్కడ, ఎలా?

సిద్దిపేట: తెలంగాణలో సంప్రదాయ డిగ్రీ కోర్సుల ప్రవేశాలు 2016 నుంచి ఉన్నత విద్యామండలి నిర్వహించే ‘దోస్త్’ ఆన్‌లైన్ విధానంలో జరుగుతున్నాయి. 1956లో ఏర్పడిన సిద్దిపేట ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో సీటు కోరే విద్యార్థికీ ఇదే మార్గం. ఇంటర్ మార్కులు, రిజర్వేషన్, వెబ్ ఆప్షన్ల వరుస ఆధారంగా సీట్లు కేటాయిస్తారు. అందువల్ల కులం గడిలో ఒక్క పొరపాటు దొర్లినా అర్హమైన సీటు చేజారే ప్రమాదం కలదు.

పొరపాటు ఎక్కడ జరిగిందో ముందుగా గుర్తించడం ముఖ్యం. వెబ్ ఆప్షన్ల వరుసను ఆ విడత గడువులోగా విద్యార్థి స్వయంగా మార్చుకోవచ్చును. పేరు, కులం, ఫొటో వంటి వివరాల్లో తేడా ఉంటే అసలు ధ్రువపత్రాలతో హెల్ప్‌లైన్ కేంద్రాన్ని సంప్రదించవలసి ఉంటుంది.

తప్పు ధ్రువపత్రంలోనే ఉన్నట్లయితే దరఖాస్తును దిద్దినందువల్ల ప్రయోజనం ఉండదు. రాష్ట్ర ఇంటర్ బోర్డు విద్యార్థుల వివరాలు హాల్‌టికెట్ నంబరు ఆధారంగా నేరుగా దరఖాస్తులో చేరడమే ఇందుకు కారణం. పదో తరగతి మెమోలో తప్పుంటే పాఠశాల ప్రధానోపాధ్యాయుని ద్వారా, ఇంటర్ మెమోలో ఉంటే కళాశాల ప్రిన్సిపాల్ ద్వారా సవరణ కోరాలి. కుల ధ్రువపత్రం విషయంలో మీసేవ కేంద్రం ద్వారా తహసీల్దారు కార్యాలయాన్ని ఆశ్రయించాలి.

ఈ సవరణలకు సమయం పడుతుంది కనుక నోటిఫికేషన్ వెలువడక ముందే పత్రాలను సరిచూసుకోవడం ఉత్తమం. నెట్ సెంటర్‌లో దరఖాస్తు నింపించుకునేవారు తమ సొంత మొబైల్ నంబరే ఇచ్చి, ప్రతి వివరాన్నీ మెమోతో సరిపోల్చిన పిదపనే సమర్పించడం శ్రేయస్కరం.