కంటైనర్ తలుపులు తీయిస్తున్నారా? ముందు బరువు దేనిపై ఉందో చూడాలి

పాత షిప్పింగ్ కంటైనర్లు ఇప్పుడు ఓడరేవులకే పరిమితం కావడం లేదు. నగర శివార్లలో టీ దుకాణాలుగా, నిర్మాణ స్థలాల్లో సైట్ ఆఫీసులుగా, పొలాల్లో పనిముట్ల గదులుగా అవి దర్శనమిస్తున్నాయి. కంటైనర్ కొన్న తర్వాత చాలామంది చేయించే మొదటి పని, వెనుకనున్న ఇనుప తలుపులు తీయించి ఆ స్థానంలో అద్దాల తలుపో, రోలింగ్ షట్టరో అమర్చడం. గ్రైండర్ చేతబట్టిన వెల్డర్‌కు ఇది పూటపనిలా కనిపిస్తుంది. అయితే కంటైనర్‌లో చేసే మార్పుల్లో ప్రాణాపాయం ఎక్కువగా ఉండే దశల్లో ఇదొకటి.

కారణం బరువు. 20 అడుగుల సాధారణ కంటైనర్ పొడవు 6.058 మీటర్లు, వెడల్పు 2.438 మీటర్లు, ఎత్తు 2.591 మీటర్లు. దాని వెనుక భాగంలో రెండు తలుపు రెక్కలు ఉంటాయి. ఒక్కో రెక్క మనిషి కంటే ఎత్తుగా, సుమారు 1.2 మీటర్ల వెడల్పుతో, లాక్ రాడ్లతో కలిపి వంద కిలోలకు పైగా తూగుతుంది. సాధారణంగా ఈ బరువంతా ఒకే అంచున ఉన్న నాలుగు మడతబందులపై వేలాడుతుంది. వాటిని ఒక్కొక్కటిగా కోస్తూ పోతే మిగిలిన వాటిపై భారం పెరుగుతుంది. చివరి పిన్ ఊడిన క్షణంలో రెక్క ఎటు ఒరుగుతుందో చెప్పడం కష్టం. ఇద్దరు ముగ్గురు చేతులతో పట్టుకుంటే సరిపోతుందన్న ధీమాయే ఇక్కడ అసలు ప్రమాదం.

ఆ పిన్‌లు మామూలు ఇంటి తలుపులకు ఉండేవాటిలా పైకి లాగితే వచ్చేవి కావు. కస్టమ్స్ సీలు చెక్కుచెదరకుండా తలుపును ఊడదీసి సరుకు కాజేసే వీలు ఉండకూడదని వాటిని వెల్డింగ్‌తో బిగిస్తారు. దొంగతనాన్ని అడ్డుకునేందుకు చేసిన ఈ ఏర్పాటు వల్లే ఇప్పుడు గ్రైండర్ అవసరమవుతోంది.

తీయకుండా కుదురుతుందా?

పని మొదలుపెట్టే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది. కంటైనర్ తలుపులు 270 డిగ్రీల వరకు తెరుచుకుని పక్క గోడలకు ఆనుకుంటాయి. వాటిని అక్కడే గట్టిగా బిగించి, లోపలి వైపు కొత్త తలుపు చట్రం అమర్చుకోవచ్చు. రాత్రివేళ పాత తలుపులనే మూసుకుంటే అదనపు భద్రత కూడా దక్కుతుంది. పక్కన స్థలం లేనప్పుడు మాత్రమే తొలగింపు గురించి ఆలోచించడం మేలు.

తీయక తప్పదనుకుంటే ముందు కంటైనర్ మట్టంగా ఉందో లేదో చూడాలి. తలుపు ద్వారానికి ఒక మూల నుంచి ఎదుటి మూలకు రెండు వైపులా టేపు పెట్టి కొలవాలి. రెండు కొలతల మధ్య తేడా కనిపిస్తే చట్రం పక్కకు వంగి ఉన్నట్టే. వంగిన చట్రంలో తలుపులు ఒత్తిడికి లోనై ఉంటాయి, కోసిన వెంటనే ఒక్కసారిగా తన్నుకొస్తాయి. కింద దిమ్మెలు సర్ది మట్టం సరిచేసిన తర్వాతే పనికి దిగాలి.

రేవు నుంచి కొత్తగా వచ్చిన కంటైనర్ అయితే మరో జాగ్రత్త కావాలి. సరుకును పురుగుల నుంచి కాపాడేందుకు వాడే మిథైల్ బ్రోమైడ్, ఫాస్ఫీన్ వంటి విషవాయువులు లోపల మిగిలి ఉండవచ్చు. తలుపులు బార్లా తెరిచి, గాలి బాగా ఆడనిచ్చాకే లోపలికి వెళ్లాలి.

కోత ఎలా సాగాలి?

మూసినప్పుడు కుడి రెక్క అంచు ఎడమ రెక్కపైకి వస్తుంది. అందుకే కుడి రెక్కతో మొదలుపెట్టాలి. ఒకటి పూర్తిగా నేలకు దిగే వరకు రెండో దాన్ని ముట్టకూడదు. రెక్క బరువును హైడ్రా క్రేన్‌కో, ఫోర్క్‌లిఫ్ట్‌కో అప్పగించిన తర్వాతే గ్రైండర్ తిరగాలి. బెల్టును లాక్ రాడ్లకు చుట్టడం తరచుగా కనిపించే పొరపాటు. ఆ రాడ్ల బ్రాకెట్లు తలుపును బిగించడానికి పెట్టినవే తప్ప, దాన్ని గాల్లోకి ఎత్తడానికి కాదు. రెక్క పై అంచున రెండు చోట్ల కొక్కేలు వెల్డింగ్ చేయించి, వాటికి బెల్టు తగిలించడం నమ్మకమైన పద్ధతి.

బెల్టు బిగువుగా ఉండాలి, కానీ రెక్కను పైకి లాగేంతగా కాదు. ఎక్కువ లాగితే పిన్‌లు మరోవైపు బిగుసుకుంటాయి. తక్కువైతే రెక్క కిందికి జారి, కోత సందు మూసుకుపోయి గ్రైండర్ డిస్క్‌ను పట్టేస్తుంది. అలా చిక్కుకున్న డిస్క్ పగలవచ్చు, యంత్రం చేతిలోంచి ఎగరవచ్చు. గ్రైండర్‌కు గార్డు ఉండాలని, ముఖానికి పూర్తి కవచం కావాలని చెప్పేది ఇందుకే. వెల్డింగ్‌ను అరగదీశాక సుత్తి దెబ్బకు పిన్ తేలిగ్గా కదిలితే బరువు సరిగ్గా క్రేన్‌పైనే ఉన్నట్టు లెక్క.

కింది మడతబందుతో మొదలుపెట్టి పైకి వెళ్లాలి. అన్నిటికంటే పైనున్నది చివరిది కావాలి. ఆ సమయంలో రెక్క పడే వైపు, దాని కింద ఎవరూ నిలబడకూడదు. గాలి వీస్తున్న రోజున ఈ పని వాయిదా వేసుకోవాలి. క్రేన్‌కు వేలాడే ఇనుప రేకు తెరచాపలా ఊగుతుంది.

గ్యాస్ కటింగ్ త్వరగా ముగుస్తుంది, కానీ నిప్పురవ్వలు తలుపు రబ్బరు పట్టీలకు, లోపలి ప్లైవుడ్ నేలకు అంటుకునే ముప్పు ఉంది. జింక్ ఎక్కువగా ఉండే అడుగు రంగు కాలితే వచ్చే పొగ పీల్చినవారికి జ్వరం, వణుకు వస్తాయి. అందుకే కోసే చోట రంగును ముందే గీకేయాలి. అగ్నిమాపక సిలిండర్ దగ్గర ఉంచుకుని, పని ముగిశాక కనీసం అరగంట అక్కడ ఒకరు కాపలా ఉండాలి.

తలుపు పోతే బలమూ తగ్గుతుంది

పైనుంచి వచ్చే నిలువు భారాన్ని మోసేవి నాలుగు మూల స్తంభాలు. చట్రం పక్కకు ఒరగకుండా ఆపడంలో మాత్రం మూసి ఉన్న తలుపులకు పెద్ద పాత్ర ఉంది. ఐఎస్ఓ 1496-1 ప్రమాణం ప్రకారం పరీక్షించేటప్పుడు చట్రాన్ని పై మూల వద్ద 150 కిలోన్యూటన్ల బలంతో, అంటే దాదాపు 15 టన్నుల ఒత్తిడితో పక్కకు నెడతారు. అప్పుడు రెండు కర్ణాల కొలతల్లో వచ్చే మొత్తం మార్పు 60 మిల్లీమీటర్లు దాటకూడదు. తలుపులు తీసిన చట్రం నుంచి ఆ బిగువును ఆశించలేము. కొత్త ద్వారానికి బలమైన ఇనుప చట్రం వెల్డింగ్ చేయించడం, దానిపై మరో కంటైనర్ పేర్చాలనుకుంటే ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు చూపించడం అవసరం. తుపానులు తాకే కోస్తా జిల్లాల్లో నేలకు లంగరు వేయడం కూడా మరవకూడదు.

ఉల్లి, వెల్లుల్లి వంటి గాలి ఆడవలసిన సరుకు కోసం ఒక తలుపు తీసి రవాణా చేసే కంటైనర్లు ఉన్న మాట నిజమే. అయితే వాటిని ఆ స్థితిలో విడిగా పరీక్షించి, తగ్గిన బలం ఎంతో వాటి భద్రతా పలకపై ముద్రించాలి. 1972 నాటి సురక్షిత కంటైనర్ల అంతర్జాతీయ ఒప్పందం కింద ఈ పలక ఉంటుంది. చాలా కంటైనర్లకు అది ఎడమ తలుపుపైనే బిగించి ఉంటుంది. తలుపులు శాశ్వతంగా తొలగించిన కంటైనర్‌కు పాత పలక వర్తించదు, దాన్ని మళ్లీ సరుకుతో ఓడ ఎక్కించే వీలుండదు.

దించిన రెక్కలను గోడకు ఆనించి వదిలేయకూడదు. అవి జారినా, గాలికి పడినా పక్కన ఆడుకునే పిల్లలకు ముప్పే. చెక్క దిమ్మెలపై నేలకు బల్లపరుపుగా పడుకోబెట్టి, మిగిలిన మడతబందు మొనలను నున్నగా అరగదీస్తే తర్వాత వాటిని పని బల్లగానో, కాలువపై మూతగానో వాడుకోవచ్చు.