ఫోన్‌లో ఆటగాళ్లు, ఇంట్లో ఆటగత్తెలు

మీ అబ్బాయి అన్నానికి పిలిస్తే పలక్కుండా ఫోన్‌లో తల దూర్చి, "ఉండమ్మా, పదిహేడేళ్ల కుర్రాడొకడు వేలానికొచ్చాడు, రెండు నిమిషాలే" అన్నాడనుకోండి. కంగారు పడకండి. వాడు ఆడుతున్నది బహుశా ఆటల మేనేజరు ఆట అయ్యుంటుంది. ఇందులో బంతి తన్నేది, బ్యాటు ఊపేది ఏమీ ఉండదు. జట్టును నడిపే పని ఉంటుంది. ఎవర్ని కొనాలి, ఎవర్ని అమ్మాలి, వచ్చిన ఆదాయం జీతాలకు సరిపోతుందా లేదా? అచ్చం మనం ఒకటో తారీఖున పద్దు రాసుకున్నట్టే!

ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. డబ్బు పందెం కట్టి ఆడేవి వేరు, ఇవి వేరు. పందెం ఆటలను ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే నిషేధించారు. దేశమంతటా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. గెలిస్తే డబ్బొస్తుందని ఫోన్ ఆశ పెడుతుంటే అది మేనేజరు ఆట కాదు, ఆ ఫోన్ వెంటనే తీసేసుకోండి.

ఇక అసలు ఆట. హ్యాట్రిక్ అని ఒకటుంది, ఫుట్‌బాల్ జట్లది, 1997లో స్వీడన్‌లో పుట్టింది. ఊరికే ఆడుకోవచ్చు. దాని కాలమానం చిత్రంగా ఉంటుంది. పదహారు వారాలకు ఒక సీజన్. అంటే 112 రోజులకే ఆటగాడికి ఏడాది వయసు పెరిగిపోతుంది. చిన్న వయసు వాడికి శిక్షణ త్వరగా ఒంటబడుతుంది, వయసు మీరేకొద్దీ నెమ్మదిస్తుంది. అందుకే తెలిసినవాళ్లు ఇరవై ఎనిమిదేళ్ల మొనగాణ్ణి వదిలేసి, ఇప్పటికి ఓ మాదిరిగా ఆడే పదిహేడేళ్ల వాణ్ణి పట్టుకుంటారు. మనకిది కొత్తేం కాదు. పెరట్లో తీగకు పది సొరకాయలు కాస్తే ఏది పులుసుకు, ఏది విత్తనానికి అని చూపుతోనే తేల్చేస్తాం కదా!

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి, పిల్లల అకాడమీ. అందులో చేరిన కుర్రాడి నైపుణ్యాలు మొదట కనిపించవు. గళ్లన్నీ ఖాళీ. వారం వారం ఆడించాలి, శిక్షకుడు ఏమన్నాడో చదవాలి, అప్పుడు ఒక్కో గడీ నిండుతుంది. ఆడించనివాడి గురించి ఏమీ తెలియదు. ఫుట్‌బాల్ మేనేజర్ అనే ఇంకో ఆటలోనైతే, ఎవడు ఎంతవరకు ఎదగగలడో చెప్పే అంకె ఒకటి లోపల దాచి ఉంచుతారు. ఆ ఆట సమాచారం ఎంత పక్కాగా ఉంటుందంటే, ఇంగ్లండులోని ఎవర్టన్ క్లబ్బు 2008లో దాన్ని వాడుకోవడానికి ఒప్పందమే చేసుకుంది.

పక్కాయే, కాదనను. కానీ ఆ పట్టీలో ఉండేది ఎవరు? ఎవరో ఒకరు చూసి, పేరు రాసుకున్నవాళ్లు. చూడనివాళ్లకు అందులో వరుసే లేదు.

తుమ్మలపల్లె అంటే మనకు యురేనియం గని గుర్తొస్తుంది గానీ ఆటలు గుర్తుకు రావు. అదే కడప జిల్లాలో, వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె పిల్ల శ్రీచరణి. నాన్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. చిన్నప్పుడు ఇంట్లో మేనమామతో సరదాగా ఆడిందే క్రికెట్. బడిలో బ్యాడ్మింటన్, కబడ్డీ, పరుగు పందేలు. క్రికెట్‌ను గట్టిగా పట్టుకునేసరికి పదహారేళ్లు. అదీ మొదట వేగంగా వేసే బౌలరుగా. తర్వాత ఎడమచేతి స్పిన్‌కు మారింది. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందంటారు. పదిహేనేళ్లప్పుడు ఏ పట్టీ తిరగేసినా ఈ పువ్వు వాసన తగిలేది కాదు.

2024 డిసెంబరు వేలంలో పది లక్షల ధరతో మొదలైన ఈ అమ్మాయిని ఢిల్లీ క్యాపిటల్స్ వాళ్లు 55 లక్షలకు తీసుకున్నారు. అప్పటికింకా దేశానికి ఒక్క మ్యాచ్ ఆడలేదు! 2025 ఏప్రిల్‌లో కొలంబోలో తొలి వన్డే. జూన్‌లో నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండు మీద తొలి టీ20, అందులో 12 పరుగులకే 4 వికెట్లు. నవంబరు 2న మనవాళ్లు ప్రపంచకప్ గెలిచారు కదా, ఆ టోర్నీలో చరణివి 14 వికెట్లు.

భద్రాచలం పిల్ల గొంగడి త్రిష కథ దీనికి తలకిందులు. ఊహ తెలియని వయసులోనే నాన్న చేతికి బ్యాటిచ్చాడు. 2025లో పందొమ్మిదేళ్లలోపు అమ్మాయిల ప్రపంచకప్‌లో 309 పరుగులు చేసి, ఉత్తమ క్రీడాకారిణి అయింది. ఒకరిని ఉయ్యాల్లోనే గుర్తుపట్టారు, ఇంకొకరిని పదహారేళ్లకు. ఇద్దర్నీ మొదట చూసింది మాత్రం సెలెక్టర్లు కాదు, ఇంట్లోవాళ్లు.

అందుకని మీ అబ్బాయి దగ్గర ఆ చూపు నేర్చుకోండి, తప్పేం లేదు. తర్వాత మీ పాపను చూడండి. ఈరోజు గెలిచిందా ఓడిందా అన్నది పక్కన పెట్టండి. నిరుటికీ ఇప్పటికీ ఏం మారింది? కొత్త కిటుకు చూపిస్తే ఎన్నాళ్లలో పట్టుకుంది? ఓడిన మర్నాడు మళ్లీ వెళ్లిందా? ఒక ఆట కుదరకపోతే ఇంకోటి మార్చి చూడండి. చరణి ఎన్ని మార్చిందో చూశారుగా. అన్నిటికన్నా ముఖ్యం, ఆడనివ్వాలి. "పెద్దమనిషైంది, ఇంక ఆటలేంటి" అని పన్నెండో ఏటనో పదమూడో ఏటనో మానిపించేస్తే, ఆ గళ్లు ఖాళీగానే ఉండిపోతాయి. నల్లబడుతుందని మానిపించేవాళ్లూ ఉన్నారు. మన సీమ ఎండలో నల్లబడనిదెవరు చెప్పండి!

అన్నట్టు, కాగితాల సంగతి. ఇప్పుడు అమ్మాయిలకు పదిహేనేళ్లలోపు, పందొమ్మిదేళ్లలోపు, ఇరవై మూడేళ్లలోపు అంటూ వేర్వేరు జట్లున్నాయి. వయసు దగ్గర పట్టింపు ఎక్కువ. పదిహేనేళ్లలోపు పిల్లలకైతే క్రికెట్ బోర్డువాళ్లు ఎముకల పరీక్ష కూడా చేయిస్తారు. జనన ధ్రువపత్రంలో ఒక తేదీ, బడిలో వేయించిన తేదీ ఇంకొకటి ఉంటే ఇప్పుడే వెళ్లి సరిచేయించుకోండి. సెలెక్షన్ల రోజు పొద్దున పరుగెత్తితే అయ్యే పని కాదది.